170 రెజ్యూమెలు, ఒకే ఒక్క ఉద్యోగం

ఒక పొజిషన్ కి నూట డెబ్భై రెజ్యూమెలు రావడం మనకేమీ కొత్త కాదు. ఏ కన్సల్టెన్సీకి చెప్పినా సోమవారం పొద్దున్నకల్లా ఇన్‌బాక్స్ నింపేస్తారు. కానీ ఆ పొజిషన్ భారత ఫుట్‌బాల్ జట్టు హెడ్ కోచ్ అయితే? 2025 జులైలో సరిగ్గా అదే జరిగింది. మనోలో మార్కెజ్ తప్పుకోగానే ఏఐఎఫ్ఎఫ్ వాళ్ళు ప్రకటన ఇచ్చారు. జులై 13 గడువు. 170 దరఖాస్తులొచ్చాయి.

అందులో జావి హెర్నాండెజ్ పేరు కూడా ఉందన్నారు. అవునండీ, బార్సిలోనా జావియే. ఆయన్ని మనం భరించలేమని పక్కన పెట్టారని పత్రికల్లో రాగానే ఊరంతా గోల. తర్వాత ఏఐఎఫ్ఎఫ్ వాళ్ళే చెప్పారు, జావి పేరుతోనూ, పెప్ గార్డియోలా పేరుతోనూ వచ్చిన ఆ మెయిల్ అసలుది కాదని. మనలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమెలు చూసి విసిగిపోయినవాళ్ళు చాలామందే ఉంటారు గానీ, ఇలాంటిది మాత్రం ఎవరికీ తగిలి ఉండదు :) కనీసం ఒక్క ఫోన్ స్క్రీనింగ్ అయినా చేసుంటే ఆ వార్త బయటికే వచ్చేది కాదు.

నవ్వుకున్నాం, సరే. అసలు విషయం ఏంటంటే, ఐ.ఎం. విజయన్ అధ్యక్షుడుగా ఉన్న టెక్నికల్ కమిటీ ఆ 170 మందిలోంచి ముగ్గుర్ని తేల్చింది. స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, స్టెఫాన్ టార్కోవిచ్, ఖాలిద్ జమీల్. ఆగస్టు 1న ఎగ్జిక్యూటివ్ కమిటీ ఖాలిద్ ని ఎంచుకుంది. సావియో మెడీరా తర్వాత, అంటే పదమూడేళ్ళ తర్వాత, పురుషుల జట్టుకి ఒక భారతీయుడు హెడ్ కోచ్ అయ్యాడు. ఆ తర్వాత ఫలితాలు ఎలా ఉన్నాయో ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి తెలుసు. 2025 నవంబర్ నాటికి "వీడినెవడు తీసుకున్నాడ్రా" అనే దాకా వచ్చింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆ ముగ్గురిలో ఖాలిదే సరైన ఎంపిక. ఎంపిక చేసిన పద్ధతి మాత్రం సరైంది కాదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. మన చర్చల్లో రెండిటినీ కలిపేసి తిడుతున్నాం, లేదంటే కలిపేసి వెనకేసుకొస్తున్నాం.

ముందు అసలు ఆ ఉద్యోగం ఏంటో చూద్దాం. క్లబ్ కోచ్ కి ఆటగాళ్ళు రోజూ దొరుకుతారు. పొద్దున ప్రాక్టీసు, సాయంత్రం వీడియో, వారం చివర మ్యాచ్. తప్పు చేస్తే వచ్చే వారం దిద్దుకోవచ్చు. జాతీయ జట్టు కోచ్ కి ఏడాదిలో కొన్ని ఫీఫా విండోలు, చాలావరకు పదిరోజుల లోపే. ఆటగాళ్ళు పది క్లబ్బుల నుంచి, పది రకాల పద్ధతులు నేర్చుకుని వస్తారు. మొదటి రెండ్రోజులు ప్రయాణ బడలికకే సరి. మిగిలిన వారంలో ఆయన కొత్త ఆట నేర్పలేడు. ఉన్నవాళ్ళతో ఏం కుదురుతుందో చూసుకుని, దాన్ని ఒక పద్ధతిలో నిలబెట్టడమే. మన భాషలో చెప్పాలంటే క్లబ్ కోచ్ ది ప్రొడక్ట్ డెవలప్‌మెంట్, జాతీయ కోచ్ ది అర్ధరాత్రి ప్రొడక్షన్ సపోర్ట్. ఒకదాంట్లో మొనగాడు రెండోదాంట్లో కూడా మొనగాడు అవుతాడని రూలేం లేదు.

దీనికి సాక్ష్యం కావాలంటే మన ఊళ్ళోనే ఉంది. మనోలో మార్కెజ్ ని హైదరాబాద్ వాళ్ళకి పరిచయం చెయ్యక్కర్లేదు. 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీ కి వచ్చాడు. పేరున్న ఆటగాళ్ళని కొనే డబ్బుల్లేవు, కుర్రాళ్ళని పట్టుకుని జట్టు కట్టాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ కప్పు తెచ్చాడు. ఆ రాత్రి కట్టిమణి ఆపిన షూటౌట్ పెనాల్టీల్ని ఇప్పటికీ యూట్యూబ్ లో చూసేవాళ్ళున్నారు (నేనొకణ్ణి). ఆ క్లబ్ తర్వాత ఆర్థికంగా చితికిపోయి, చివరికి 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అది వేరే ఏడుపు, ఇంకోసారి ఏడుద్దాం.

అలాంటి మనోలోని 2024 జులైలో జాతీయ కోచ్ గా తీసుకున్నప్పుడు నాతో సహా హైదరాబాద్ అభిమానులందరికీ సంబరమే. భారతీయ ఆటగాళ్ళు తెలుసు, లీగ్ తెలుసు, ఎండలు తెలుసు, ట్రాఫిక్ తెలుసు :) కాగితం మీద ఇంతకంటే మంచి రెజ్యూమె ఉండదు. ఫలితం? ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు. ఆ ఒక్కటీ 2025 మార్చిలో షిల్లాంగ్ లో మాల్దీవుల మీద. మిగతావి నాలుగు డ్రాలు, మూడు ఓటములు. ఆ ఎనిమిదిలో మూడు మ్యాచ్‌లు మన గచ్చిబౌలి స్టేడియంలోనే జరిగాయి. మారిషస్ తో 0-0, సిరియా చేతిలో 0-3, మలేషియాతో 1-1. మలేషియా మ్యాచ్ సోమవారం రాత్రి. ఆఫీసు నుంచి నడిచివెళ్ళేంత దూరం కాబట్టి వెళ్ళాను. మనవాళ్ళు బంతిని అటూ ఇటూ చక్కగా ఆడుతూనే ఉన్నారు, గోలు దగ్గరికొచ్చేసరికి ఎవడు ఎక్కడుండాలో ఎవడికీ తెలీదు. కార్నర్ లో రాహుల్ భేకే తలతో కొట్టకపోతే ఆ డ్రా కూడా లేదు. మనోలో క్లబ్బుల్లో జట్లు కట్టిన తీరు తెలిసినవాళ్ళకి ఆ రాత్రి ఏం లోపించిందో ఇట్టే తెలిసిపోతుంది. ఆయన ఆటకి రోజూ సాధన కావాలి. రోజూ అన్నదే ఆయనకి ఇవ్వలేదు.

పైగా ఆ మొదటి సీజన్ లో ఆయన ఎఫ్‌సీ గోవాకి కూడా కోచ్. రెండు ప్రాజెక్టుల్లో యాభై యాభై శాతం అలొకేషన్. యాభై శాతం అలొకేషన్ అంటే నిజంగా ఎంతో మనకి చెప్పేదేముంది! ఇక్కడ నేను మనోలోని అనను. ఆ షరతుకి ఒప్పుకుని సంతకం పెట్టించిన వాళ్ళనే అంటాను. 2025 జూన్ లో హాంకాంగ్ లో చివరి నిమిషాల్లో పెనాల్టీ ఇచ్చి 0-1తో ఓడాక ఆయన పని అయిపోయింది. ఆసియా కప్ క్వాలిఫయర్స్ లో రెండు మ్యాచ్‌లు, ఒక పాయింటు. గ్రూపులో మొదటి స్థానం వాళ్ళకే టికెట్టు. ఫీఫా ర్యాంకు 133. కొత్త కోచ్ తీసుకోబోయే సిస్టమ్ పరిస్థితి అదీ.

మనోలో కంటే ముందు ఇగోర్ స్టిమాక్ సంగతి కూడా చూడాలి. ఎందుకంటే రెజ్యూమె మీద లోగో చూసి తీసుకోవడం అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది. 2019లో రెండొందల యాభైకి పైగా దరఖాస్తులు, చివరికి నలుగురు: ఆల్బర్ట్ రోకా, లీ మిన్ సుంగ్, హాకన్ ఎరిక్సన్, స్టిమాక్. వీళ్ళలో రోకాకి బెంగళూరు ఎఫ్‌సీ ద్వారా మన ఆటగాళ్ళు బాగా తెలుసు. స్టిమాక్ కి ప్రపంచకప్ తెలుసు. 1998లో మూడో స్థానం వచ్చిన క్రొయేషియా జట్టు ఆటగాడు, తర్వాత ఆ దేశానికే కోచ్. బరువు అటే మొగ్గింది. పూర్తిగా చెడ్డ కోచ్ ఏం కాదు, అన్యాయంగా మాట్లాడకూడదు. 2023లో శాఫ్ ఛాంపియన్‌షిప్, ఇంటర్‌కాంటినెంటల్ కప్ గెలిపించాడు, ర్యాంకు 100 లోపుకి తెచ్చాడు. కానీ ఆటగాళ్ళ జాబితాని ఒక జ్యోతిష్యుడికి పంపి గ్రహబలం చూపించుకున్నాడని అదే ఏడాది ఒక పెద్ద ఇంగ్లీషు పత్రిక రాసింది. కొబ్బరికాయ కొట్టి సర్వర్ ఆన్ చేసే మనమే నోరెళ్ళబెట్టాల్సిన సంగతి అది! 2024 జనవరిలో ఆసియా కప్ లో మూడు మ్యాచ్‌లూ ఓటమి, ఒక్క గోలూ లేదు. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2. జూన్ లో తీసేశారు.

తీసేశాక అసలు కథ. 2023లో ఆయన కాంట్రాక్టు 2026 దాకా పొడిగించారు. చవగ్గా వదిలించుకునే క్లాజు మాత్రం పెట్టుకోలేదు. చివరికి నాలుగు లక్షల డాలర్లు ఇచ్చి రాజీ పడ్డారు. మూడు కోట్ల పైమాట. ఒక రాష్ట్రంలో జూనియర్ లీగులు ఎన్నేళ్ళు నడపొచ్చో లెక్కేసుకోండి. అభ్యర్థుల్ని బేరీజు వేసేటప్పుడు జీతం ఎంతో అందరూ చూస్తారు. ఇతను ఫెయిలైతే పంపించడానికి ఎంతవుతుందో ఎవరూ చూడరు. మన దగ్గర అది హెచ్‌ఆర్ చూసుకుంటుంది. అక్కడ ఆ హెచ్‌ఆర్ ఉన్నట్టు లేదు.

ఇక ఆ ముగ్గురి సంగతి.

కాన్‌స్టాంటైన్ పాత కాపు. 2002-05, 2015-19, రెండుసార్లు చేశాడు. రెండో విడతలో ర్యాంకు 173 నుంచి 2017 నాటికి 96కి వచ్చింది. 2019 ఆసియా కప్ లో థాయిలాండ్ ని 4-1తో కొట్టాం, ఆ టోర్నీలో 1964 తర్వాత మనకదే మొదటి గెలుపు. ఇవి తీసిపారేసే విషయాలు కావు. కానీ ఆ ర్యాంకు ఎలా వచ్చిందో కూడా చూడాలి కదా. లావోస్, భూటాన్, కాంబోడియా, నేపాల్, మకావ్... మధ్యలో ప్యూర్టోరికో, కిర్గిజ్‌స్తాన్ లాంటివి ఒకటీ అరా. గెలవగలిగే మ్యాచ్‌లు జాగ్రత్తగా ఎంచుకుని పాయింట్లు పోగేశారు. తప్పు కాదు, తెలివే. ఆసియా క్వాలిఫయర్స్ డ్రాలో మంచి పాట్ రావడానికి ర్యాంకు పనికొస్తుంది. కానీ టికెట్ క్లోజర్ రేటు పెరిగినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ బాగుపడినట్టు కాదు. ఈజీ టికెట్లు ముందు క్లోజ్ చేసే మహానుభావులు ప్రతి టీములోనూ ఉంటారు. పైగా 2025లో మనకి కావలసింది ర్యాంకు కాదు, మిగిలిన నాలుగు మ్యాచ్‌లు. ఆ ఆటగాళ్ళలో చాలామంది ఆయన వెళ్ళిపోయాక వచ్చినవాళ్ళు. పాత ఉద్యోగిని మళ్ళీ తీసుకునేటప్పుడు చాలా కంపెనీలు పడే భ్రమే ఇది. అతనికి మన సిస్టమ్ తెలుసనుకుంటాం. అతనికి తెలిసింది ఆరేళ్ళ కిందటి సిస్టమ్.

టార్కోవిచ్ నాకు ముగ్గురిలోకీ ఆసక్తిగా అనిపించిన మనిషి. పత్రికల్లో ఆయన గురించి ఒక్క లైను, "స్లొవేకియా మాజీ కోచ్", అంతే. 2020 అక్టోబర్ లో స్లొవేకియా యూరో ప్లేఆఫ్ మధ్యలో ఉండగా కోచ్ ని తీసేసి ఈయనకి అప్పగించారు. నవంబర్ లో నార్తర్న్ ఐర్లండ్ మీద ఫైనల్, ఎక్స్‌ట్రా టైమ్ లో 2-1. జట్టు యూరోకి వెళ్ళింది. అక్కడ పోలాండ్ ని కూడా ఓడించింది (తర్వాత స్పెయిన్ ఐదు కొట్టింది లెండి). అంటే మధ్యలో దిగి మంటలార్పిన అనుభవం ముగ్గురిలో ఈయనకే బాగా ఉంది. మరి ఈయన్ని ఎందుకు తీసుకోకూడదు?

నా జవాబు: ఆ పని ఆయన ఎలా చెయ్యగలిగాడో చూడండి. అంతకు ముందు కొన్నేళ్ళు అదే జాతీయ జట్టులో అసిస్టెంట్ గా ఉన్నాడు. ఆటగాళ్ళు తెలుసు, భాష ఒకటే. ఎవడికి అరిస్తే పనవుతుంది, ఎవడికి భుజం మీద చెయ్యేస్తే పనవుతుంది అన్నది ముందే తెలుసు. తెలియని చోట, అంటే కిర్గిజ్‌స్తాన్ లో, 2024 ఆసియా కప్ కి వచ్చేసరికి రెండు ఓటములు, ఒక డ్రా. మనకంటే నయమే, నిజమే. కానీ నాలుగు వారాల్లో పరాయి జట్టుని మార్చే మంత్రం ఆయన దగ్గరా లేదు. ఆయన రెజ్యూమెలో మెరిసే లైనే, నావరకు, ఖాలిద్ కి ఓటు వేస్తోంది. ఎనిమిదేళ్ళ ప్రణాళికతో, కింద అండర్-17 నుంచి మొత్తం అప్పజెప్పే ఉద్యోగమైతే నేను టార్కోవిచ్ నే అడిగి చూసేవాణ్ణి. అలాంటి ఉద్యోగం ఎవరూ ప్రకటించలేదు.

ఖాలిద్ జమీల్ సంగతి. ఈయన రెజ్యూమె చదివేటప్పుడు ఫలితం పక్కన ఎప్పుడూ ఇంకో కాలమ్ గీసుకోవాలి, "చేతిలో ఏముంది?" అని. 2016-17లో ఐజాల్ ఎఫ్‌సీ. అంతకు ముందు సీజన్ లో కిందికి దిగజారి, ఫెడరేషన్ మళ్ళీ లోపలికి రానిస్తే ఆడిన జట్టు. ఆ జట్టుతో ఐ-లీగ్ గెలిచాడు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగళూరు ఉన్న లీగులో! ఈశాన్య రాష్ట్రాల నుంచి ఒక క్లబ్ జాతీయ లీగ్ గెలవడం అదే మొదలు. తర్వాత 2021లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ లో మధ్యలో పగ్గాలు పట్టి ప్లేఆఫ్ కి తీసుకెళ్ళాడు. జంషెడ్‌పూర్ లో కూడా సీజన్ మధ్యలోనే దిగాడు, 2024-25లో సెమీస్ కి, సూపర్ కప్ ఫైనల్ కి తెచ్చాడు. (ఆ ఫైనల్ లో 3-0తో ఓడించింది ఎవరనుకున్నారు, మనోలో గారి గోవానే. మూడు నెలల తర్వాత ఖాలిద్ ఆయన కుర్చీలో. ఫుట్‌బాల్ లో ఇలాంటి తమాషాలు మామూలే.) వరుసగా రెండేళ్ళు ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ కోచ్.

రెండో వైపు కూడా చెప్పాలిగా. ఈస్ట్ బెంగాల్ లాంటి పెద్ద క్లబ్ లో, డబ్బూ జనమూ ఉన్నచోట, 2017-18లో నాలుగో స్థానం. నార్త్‌ఈస్ట్ తో పూర్తి సీజన్ ఇచ్చినప్పుడు 2021-22లో పదో స్థానం. అంటే తక్కువ సరుకుతో, తక్కువ టైములో, మధ్యలో దిగి జట్టుని నిలబెట్టడం ఇతని బలం. తీరిగ్గా పెద్ద సౌధం కట్టడం ఇంకా నిరూపించుకోలేదు. ఇప్పుడు పైన చెప్పిన ఉద్యోగం ఏంటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తక్కువ సరుకు, తక్కువ టైము, మధ్యలో దిగడం. ఇంతకంటే సరిపోయే మనిషి ఆ ముగ్గురిలో లేడు. భారతీయుడు అవడం ఇందులో ఎక్కడా రాలేదు, గమనించారా?

చాలామంది "మనవాడికి అవకాశం" అన్న సెంటిమెంటుతో ఈ నిర్ణయాన్ని మెచ్చుకున్నారు. అది నాకు నచ్చలేదు. ఖాలిద్ ని తక్కువ చేసే మెచ్చుకోలు అది. పాపం అని ఇచ్చిన ప్రమోషన్ ని నాలుగు నెలల్లో లాక్కోవడం కూడా తేలికే. మనవాళ్ళకి అవకాశాలు రావాల్సింది అసలు కింద, క్లబ్బుల్లో. ఐఎస్ఎల్ మొదలైన 2014 నుంచి అన్నేళ్ళలో ఒక భారతీయుడికి శాశ్వత హెడ్ కోచ్ ఉద్యోగం రావడానికి 2021 దాకా పట్టింది. వచ్చిన ఆ మొదటివాడు ఖాలిదే. కింద ఇంటర్వ్యూకే పిలవకుండా పైన ఒక్కణ్ణి కూర్చోబెట్టి "చూశారా మేం నమ్మాం" అంటే ఏం లాభం?

రహీమ్ సాబ్ ని ఇక్కడ తలుచుకోక తప్పదు. మన హైదరాబాదీ, ఉస్మానియాలో చదివిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ లో నాలుగో స్థానం. ఆయన మీద సినిమా కూడా వచ్చింది 2024లో. ఆయన్ని గుర్తు చేసి "చూడండి, భారతీయ కోచే గొప్ప" అంటుంటారు. కానీ ఆయన గెలిచింది భారతీయుడు కాబట్టి కాదు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో రోజూ పనిచేశాడు. ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. జాతీయ జట్టులో ఆయన చేతికింద ఎదిగిన హైదరాబాదీలు చాలామంది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ని పైకి తెచ్చింది ఆయనే. అంటే జాతీయ కోచ్ కి క్లబ్ కోచ్ కి దొరికేంత సమయం దొరికింది. 1962 జకార్తాలో తలకి దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్ ని తీసుకెళ్ళి ఫార్వర్డ్ గా ఆడించాడు. సెమీస్ లో గోలు, ఫైనల్ లో కొరియా మీద గోలు. అలా చెయ్యాలంటే ఆ మనిషి ఏం చెయ్యగలడో ఏళ్ళ తరబడి చూసి ఉండాలి. ఈ కాలపు ఫార్మాట్ లో రహీమ్ సాబ్ రెజ్యూమె పంపితే ప్రో లైసెన్స్ కాలమ్ ఖాళీగా ఉందని మొదటి ఫిల్టర్ లోనే పోయేది. అది వేరే సంగతి.

సరే, ఖాలిద్ వచ్చాక ఏమైంది? మొదటి పరీక్ష ఆగస్టు చివర్లో కాఫా నేషన్స్ కప్. మోహన్ బగాన్ వాళ్ళు ఆటగాళ్ళని క్యాంపుకి పంపలేదు. ఛెత్రీని ఖాలిదే పక్కన పెట్టాడు. ఉన్నవాళ్ళతో వెళ్ళి, సొంతగడ్డ మీద తజికిస్తాన్ ని 2-1తో ఓడించాడు. ఇరాన్ చేతిలో 0-3, అఫ్గానిస్తాన్ తో 0-0, మూడో స్థానం మ్యాచ్ లో ఒమన్ ని పెనాల్టీల్లో కొట్టాం. అందరూ ఆకాశానికెత్తారు. అక్టోబర్ లో సింగపూర్. అక్కడ పది మందితో ఆడుతూ 90వ నిమిషంలో రహీమ్ అలీ గోలుతో 1-1. ఐదు రోజుల తర్వాత గోవాలో, ఛాంగ్తే గోలుతో ముందుండి కూడా 1-2 ఓటమి. ఆసియా కప్ ఆశ అక్కడితో సరి. నవంబర్ లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. 2003 తర్వాత వాళ్ళ చేతిలో మనం ఓడలేదు, అదీ అయింది.

గోవా మ్యాచ్ కి ఖాలిద్ ని నేను వెనకేసుకురాను. ఇంటి దగ్గర, గెలిచి తీరాల్సిన మ్యాచ్ లో, ముందంజలో ఉండి ఇచ్చేశాం. సగం ముగిసే ముందు ఒకటి, సగం మొదలయ్యాక ఇంకొకటి, రెండూ ఒకే మనిషి సాంగ్ ఉయ్‌యంగ్ కొట్టాడు. విరామంలో కోచ్ చెయ్యాల్సిన పనే అది, చెయ్యలేదు. ఆగస్టులో వద్దన్న ఛెత్రీని నలభై ఒకటో ఏట అక్టోబర్ కి మళ్ళీ పిలవడం కూడా నాకు మింగుడుపడలేదు. ఆగస్టులో చేసిన నిర్ణయం సరైందని ఇప్పటికీ అంటాను. కాబట్టే దాని మీద నిలబడి ఉండాల్సింది.

కానీ ఫలితం చెడింది కాబట్టి ఎంపిక తప్పు అనే వాదన మాత్రం ఒప్పుకోను. ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చున్న రెండు మూడేళ్ళలో ఈ వాదన చాలాసార్లు విన్నాను. తీసుకున్నవాడు ఆర్నెల్లకి వెళ్ళిపోతే, "నేనారోజే చెప్పాను" అనేవాడొకడు తయారు. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో వేరే ఎవరిని తీసుకునేవాడివి, ఎందుకు అంటే మాత్రం నోరు పెగలదు. ఖాలిద్ విషయంలో ఆ ప్రశ్న అడిగి చూడండి. కాన్‌స్టాంటైన్ ఉంటే గోవాలో గెలిచేవాళ్ళం అని గుండె మీద చెయ్యేసుకుని ఎంతమంది అనగలరు? ఆ జట్టుకి గోలు కొట్టేవాడు లేడు. ఐఎస్ఎల్ క్లబ్బులు చాలావరకు సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో విదేశీయుల్నే ఆడించుకుంటాయి. రిటైరైన ఛెత్రీని మనోలో కూడా 2025 మార్చిలో వెనక్కి పిలవాల్సి వచ్చిందంటే ఖాళీ ఎక్కడుందో తెలుస్తోంది. కోచ్ ని మారిస్తే ఆ ఖాళీ నిండదు.

మరి పద్ధతి తప్పన్నాను కదా, ఎక్కడ? ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. "పాత రోజులు తెచ్చిపెట్టండి" అంటే కాన్‌స్టాంటైన్. "కొత్తగా కట్టిపెట్టండి" అంటే టార్కోవిచ్. "ముందీ మంట ఆర్పండి" అంటే ఖాలిద్. ముగ్గుర్నీ ఒకే షార్ట్‌లిస్టులో పెట్టారంటే ఫెడరేషన్ కి తన ప్రశ్న ఏంటో తనకే తెలీదన్నమాట. జాబ్ డిస్క్రిప్షన్ రాయకుండా జావా వాణ్ణి, డీబీఏని, టెస్టర్ ని పిలిచి ఇంటర్వ్యూ చేసి, మంచి మనిషెవరో వాణ్ణి తీసుకుందాం అన్నట్టు. అదృష్టం కొద్దీ అవసరానికి సరిపోయినవాడు తగిలాడు. పైగా అదే జులైలో, రైట్స్ ఒప్పందం తేలక ఐఎస్ఎల్ నిర్వాహకులు కొత్త సీజన్ ని ఆపేస్తున్నామని చెప్పేశారు. లీగే లేకపోతే జాతీయ కోచ్ చూడ్డానికి మ్యాచ్‌లెక్కడ? ఫిట్‌గా ఉన్న ఆటగాళ్ళెక్కడ? అభ్యర్థులు ముగ్గురూ ఈ ప్రశ్న ఎదురు అడిగి ఉండాలి. అడక్కపోతే అనుమానించాల్సిందే.

వచ్చేసారి, ఎప్పుడో ఒకప్పుడు ఆ వచ్చేసారి ఉంటుంది కాబట్టి, నన్ను ఆ ప్యానెల్ లో కూర్చోబెట్టరు గానీ, కూర్చోబెడితే ఫార్మేషన్లూ ఫిలాసఫీ ఏవీ అడగను. పవర్‌పాయింట్లు చూపిస్తానంటే వద్దంటాను. ఒకే ఒక్కటి అడుగుతాను: "క్యాంప్ రేపు మొదలు. పిలిచినవాళ్ళలో ఏడుగుర్ని క్లబ్ వాళ్ళు పంపలేదు. మ్యాచ్ పరాయి దేశంలో, రెండు వారాల టైముంది. మొదటి రోజు పొద్దున మైదానంలో ఏం చేస్తారు?" జావి అయినా సరే, జావి పేరుతో మెయిల్ కొట్టినవాడైనా సరే, దానికి జవాబు చెప్పాకే జీతం సంగతి. 2025 ఆగస్టులో ఆ ప్రశ్న ఖాలిద్ కి నిజంగానే ఎదురైంది. జవాబు హిసార్ లో తజికిస్తాన్ మీద 2-1.